కంకర మలుపు

రామకుప్పం దాటినాక కుప్పం పోయే అడ్డదోవలో, వంక పక్కన కంకర రోడ్డు మలుపు. పొద్దున మదనపల్లెలో బయలుదేరిన ఆడవాళ్ల సైకిల్ రేసు ఇక్కడికి రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది.

"పంతొమ్మిదేండ్లుగా నిన్ను ఒక మాట అడగల్లనుకుంటాండా మునస్వామీ. ఆ పొద్దు నీ సైకిలు ముందు చక్రం నట్టు నేను బిగిస్తినా, లేదా?"

"యాలప్పా కిష్టప్పా ఇప్పుడా మాట? రాక రాక ఇన్నేండ్లకు మా ఊరికి వస్తివి. ముందు ఇట్లా నీడకు రా. మజ్జిగ తెప్పిస్తా."

"మజ్జిగ తర్వాత. నువ్వు చెప్పు. చక్రం ఊడింది ఈ మలుపులోనే గదా?"

"ఈడనే. అదో, ఆ కానుగ చెట్టు కింద. కాలు ఇరిగింది, అతుక్కునింది. కుంటుకుంటానే ఆవుల్ని మేపుకుంటాండా, కుంటుకుంటానే తిరుమల కొండెక్కి వస్తిని. సాలదా?"

"నీకు చాలుతాదేమో, నాకు చాలదు. ఆ పొద్దు సాయంత్రం అంగడి కట్టేటప్పుడు చూసుకుంటే నా పదిహేనో నంబరు పానా లేదు. రామకుప్పం అంగట్లో నాకు ఉన్నిందే ఒకటి. అది పొద్దున్నుంచే లేకపోయుంటే నీ నట్టు దేంతో బిగించినట్టు? చేత్తో నాలుగు తిప్పులు తిప్పి పంపించేస్తినా? బిగించినట్టే గుర్తుండాది. పానా లేనిది కూడా గుర్తుండాది. రెండిట్లో ఏది నిజమో నాకే తెలీదు."

"ఊర్లో నలుగురూ నాలుగు మాటలు అన్న్యారని గదా నువ్వు అంగడి మూసి పుంగనూరికి పోతివి."

"వాళ్లు అన్న్యారు. నువ్వు మాత్రం ఒక్క మాట అనలేదు. ఆస్పత్రికి వస్తే గోడవైపు తిరిగి పండుకుంటివి. అదే నన్ను తింటాండాది."

"చెంగమ్మా. మే, చెంగమ్మా. మజ్జిగ యాడ?"

"తెస్తాండా తెస్తాండా. బాగుండావా కిష్టప్పన్నా? ఎంట్రుకలన్నీ తెల్లగా అయిపోయినాయే. ఆ మెడలో కార్డేంది, సేతిలో ఆ సక్రాలేంది?"

"మా కూతురి కూతురు పల్లవి ఈ రేసులో ఉండాదమ్మా. నలభై ఏడో నంబరు. కంకరలో చక్రాలు పంక్చరవుతాయని, మలుపు మలుపుకీ ఒక మనిషిని నిలబెడతారు. యాడన్నా పోతే, వీళ్లు చెయ్యెత్తి చక్రం చూపిస్తారు, తొక్కేవోళ్లు ఆగి మార్చుకుని పోతారు. వాళ్ల జట్టులో మనుషులు తక్కువ. నువ్వూ రా తాతా అన్నింది. ఈ మలుపు నాది."

"పల్లవి మన మనవరాలా? ఆ పాప పేరు మేము ముగ్గులో రాసినాము గదయ్యా. జిల్లా బిడ్డంట, సూడల్ల అని. నీ మనవరాలని తెలిస్తే ఇంకా పెద్దదే ఏసుందుము."

"ముగ్గు ఏసి కూడా తిడతాండాది అప్పా మా ఆమె. రేసోళ్లను కాదు, రోడ్డును."

"తిట్టనా మరి? ఈ నాలుగు కిలోమీటర్లకు తారు ఏయమని ఎన్ని అర్జీలు పెడితిమి అన్నా. కాన్పు నొప్పులతో మా పక్కింటి మునీశ్వరిని ఆటోలో తీసకపోతే ఈ రాళ్ల మీదనే సగం దోవలో కనేసింది. ఇప్పుడేమో రేసోళ్లు వచ్చి, కంకర బ్రహ్మాండంగా ఉండాది, ఇట్లే ఉంచండి అన్న్యారంట. నిన్నటి నుంచి బెంగళూరోళ్లు బండ్లేసుకుని వచ్చి రాళ్లకు ఫోటోలు తీస్తాండారు."

"ఒకాయన ఒక రాయిని ఏరుకుని జేబులో పెట్టుకున్న్యాడప్పా. కావాలంటే ట్రాక్టరుకు పోసి పంపిస్తా సామీ అంటిని. నవ్వుకుంటా పాయె."

"వాళ్లను అనేదానికి నాకు నోరు లేదు మునస్వామీ. నేనూ అంగట్లో కూర్చోని ఫోన్లో ఇట్లాంటి రేసులు చూసేవాడినే. యాడో దేశంలో తెల్ల దుమ్ములో వాళ్లు పోతాంటే, పనాపేసి చూస్తా. తారు మీద రేసు వస్తే అట్లా చూడను. ఎవురన్నా పడితే కుర్చీలో నుంచి లేచి మరీ చూస్తా. ఇప్పుడు మా పాప వస్తాంటే మాత్రం మజ్జిగ లోపలికి దిగడం లేదు."

"రోజూ తొక్కే బిడ్డే గదా. యాల అంత భయం?"

"రోడ్డు ఒకటే అయితే ఇంత భయం లేదు. పొద్దున మదనపల్లెలో ఏమైందంటే... వాళ్ల మెకానిక్కుకు రాత్రి నుంచి జ్వరం. కంకరకని వెడల్పు టైరున్న చక్రం వేయల్ల. తాతా నువ్వే మార్చు అన్నింది పాప. మార్చినా. ఆ సైకిళ్లకు నట్టు ఉండదు, ఇరుసే లోపలికి తిప్పల్ల. దానికి వేరే పానా. సరిగ్గా బిగిస్తే టక్కుమని మోగుతాది. మోగితే అయిపోయినట్టు."

"మోగలేదా?"

"అదే తెలీదు. అప్పుడే పలక డప్పులు కొట్టడం మొదలుపెట్టినారు. మైకులో ఒకాయన అరుస్తాండాడు. నా చేతికి తెలిసినట్టే ఉన్నింది. చెవికి వినబళ్లేదు."

"మళ్లా తిప్పి సూడాల్సింది."

"నీ కాలు ఇరిగినప్పటి నుంచి ఏ నట్టైనా సరే మూడు తూర్లు చూడకుండా సైకిలు బయటికి ఇవ్వను. పుంగనూరులో నాకు పేరే 'మూడు తూర్ల కిష్టప్ప'. ఈ పొద్దు రెండో తూరి వంగుతాండగానే వాళ్లను బయలుదేరే గీత కాడికి పిలిచేసినారు. పాప నా తల మీద ముద్దు పెట్టి పోయింది."

"ఫోన్ సెయ్యప్పా ఎవురికైనా."

"చేస్తాండా. వాళ్లకు నేర్పే సారు ఎనక కార్లో ఉంటాడు. సిగ్నలు రాకుండాది. ఉండు, మోగుతాంది. సార్, కృష్ణప్పను. పల్లవి తాతను... అదే సార్, ముందు చక్రం... పొద్దున నేనే వేసినా గదా... వినబళ్లేదు సార్... తొంభై కిలోమీటర్లు బాగానే వచ్చిందంటే అదంతా తారు సార్, తారు మీద వదులుగా ఉన్నా నిలుస్తాది, కంకర అదురుకు... ఆ... ఆ... నా ఇష్టమంటే ఎట్లా సార్? సార్? సార్?"

"ఏమన్న్యాడు?"

"ముందు ఐదుగురు విడిపోయి పోతాండారంట. పాప వాళ్లలో ఉండాది. ఆయన కారు ఎనక గుంపులో ఇరుక్కునింది. 'చక్రం నీ చేత్తో వేసింది, నీకే తెలియల్ల. అనుమానమైతే మలుపులో చక్రం ఎత్తి చూపించు, పాప ఆగుతాది, మార్చు. లేదంటే పోనీ' అని పెట్టేసినాడు."

"ఆగితే ఏమవుతాదన్నా?"

"మార్చే లోపల అర నిమిషం పోతాదమ్మా. ఆ నలుగురూ మళ్లీ దొరకరు. ఈ రేసులో మొదటి ముగ్గురిలో వస్తే పెద్ద జట్టు వాళ్లు తీసుకుంటామన్న్యారు. వీళ్ల జట్టు ఈ ఏడాదితో మూసేస్తాండారు. ఈ పొద్దు పోతే పాప ఇంటికే."

"ఆపకుంటే?"

"ఈ మలుపు దాటినాక కిలోమీటరు దిగుడు. అరవై, డెబ్బై మీద పోతారు. ఆడ ముందు చక్రం ఊడిందంటే... నువ్వు పడింది పాల క్యాన్లతో మెల్లగా పోతా పోతా మునస్వామీ. అప్పటికే నీ కాలు అట్లా అయింది."

"గంగమ్మ తల్లికి దండం పెట్టుకో అన్నా. బోయకొండ దిక్కు తిరిగి."

"పెట్టుకోనా చెంగమ్మా. ప్రతి మంగళవారం పెట్టుకుంటాండా. పంతొమ్మిదేండ్లుగా ఒక దీపం మీ ఆయన కాలికే."

"నా కాలికా?"

"నీ కాలికే. నేను బిగిస్తినా లేదా అని అమ్మను ఎప్పుడూ అడగలేదు. అడిగితే లేదంటాదేమో అని భయం. వాడు నడవల్ల తల్లీ అని మాత్రం అడుగుతా. ఏం, యాల తల వంచుకుంటివి?"

"ఏం లేదప్పా. దుమ్ము కంట్లో పడింది."

"దుమ్మా? యాడుండాది దుమ్ము? నేను వచ్చినప్పటి నుంచి చూస్తాండా, ఈ మలుపులో రవ్వంత దుమ్ము లేదు. ఉండు. ఈ తడి ఏంది? రాత్రి వాన పడిందా?"

"వాన యాడిదన్నా. మేమే. తెల్లారే ట్యాంకరు తోలించి నీళ్లు సల్లినాము. ఈ మలుపులో అయితే పొదుపు సంఘం ఆడోళ్లందరం పేడ కల్లాపి కూడా సల్లి ముగ్గులు పెట్టినాము."

"రోడ్డు మీదా? రేసు పోయే రోడ్డు మీదనా?"

"అమ్మోరి ఊరేగింపు వస్తే వాకిట్లో సల్లమా? పరాయి ఊర్ల ఆడబిడ్డలు మన ఊర్లోకి వస్తాండారు. నోట్లో దుమ్ము కొట్టుకుంటా పోతే మనకు మర్యాదేనా?"

"అయ్యో చెంగమ్మా. ఈ కంకర కింద ఉండేది ఎర్రమన్ను. తడిస్తే సబ్బు. పొడి కంకర మీద చక్రం జారినా పట్టుకుంటాది. దీని మీద పేడనీళ్లు... చెప్పు పెట్టి చూడు, నువ్వే చూడు."

"అమ్మమ్మమ్మ, జారుతాది అన్నా. పొద్దున అరికాళ్లతో సల్లితిమి, తెలీలేదు."

"ఇంకా ఎంతసేపుండాది? ఎవురన్నా టైము చెప్పండి."

"ముప్పై నిమిషాలు ఉంటాదప్పా. కంగారు పడొద్దు. ఏం సెయ్యల్లో సెప్పు."

"పొడి మన్ను కావల్ల. కల్లాపి పడినంత మేరా సన్నగా చల్లల్ల. గడ్డి ఏయొద్దండి, చక్రాల్లో చుట్టుకుంటాది. ఇసుక కూడా మందంగా ఏయొద్దు. పొడి దుమ్ము చాలు."

"మా ఆవుల కొట్టం ముందర మెత్తటి దుమ్ము మోకాలు లోతుండాది. చెంగమ్మా, గంపలు తీయించు. రంగనాయకమ్మనీ వాళ్లనీ పిలువు. పొద్దున నీళ్లు పోసి అణిచిన దుమ్మును ఇప్పుడు గంపలతో మోసి పోయల్ల. మన బతుకు ఇంతే."

"నువ్వు నవ్వొద్దయ్యా. మంచికి పోయి ఎంత పని సేస్తిమి."

"తప్పు మీది కాదమ్మా. చెప్పేవోళ్లు చెప్పలేదు. ముగ్గు తుడవాల్సి వస్తాది, ఏమనుకోవద్దు."

"తుడుస్తే తుడుస్తాం. పాప పేరు మాత్రం ఓరకు ఉండాది, దాన్ని వదిలేస్తాం. అన్నా, అదో ఆ రాయి ఏరుకున్న బెంగళూరాయన కూడా గంప ఎత్తుకున్న్యాడు సూడు."

"ఎత్తుకోనీ. మలుపు లోపలి పక్క ముందు. లోపలి పక్కే చక్రం వంగుతాది. సన్నగా, సన్నగా. జల్లెడలో నుంచి రాలినట్టు."

"సాలా అప్పా?"

"ఇంకో పది గంపలు. నీ కాలుతో నువ్వు మోయొద్దు మునస్వామీ."

"మోస్తా. ఈ మలుపుకు నేను మొయ్యాల్సింది ఉండాది."

"ఏమంటివి?"

"ఏం లేదు. గంప పట్టుకో."

"అన్నా, ఫోన్లో లైవు వస్తాంది. కంకరలోకి వచ్చేసినారంట. చెరువు కట్ట కాడ ఉండారు."

"చదువు చెంగమ్మా, నా కండ్లద్దాలు నన్ను ఈడ దించిపోయిన వ్యాన్లో ఉండిపోయినాయి. పాప కనబడతాందా?"

"అంతా దుమ్మే కనబడతాంది. కింద జనాలు రాసేవి వస్తాండాయి. సదవనా? 'కంకర లేకుంటే రేసుకు ఉప్పు లేనట్టు.' ఇంకొకరు, 'ఇది రేసా సర్కసా, ఈ రోడ్డు పెట్టినోళ్లను ఈ రోడ్డు మీద తొక్కమనండి.' ఇంకొకాయన, 'మా ఊరి రోడ్లు రోజూ ఇట్లే ఉంటాయి, మాకు పతకం ఇయ్యండి.'"

"వాడు మనోడే అయ్యుంటాడు."

"'పడితేనే మజా' అని ఒకరు రాసినారు. పక్కన నవ్వే బొమ్మలు."

"పడితే మజానా?"

"ఇనుకోవద్దన్నా. ఇంకొకాయన మంచిగా రాసినాడు. 'కంకర పెట్టండి, కాదనను, కానీ డాక్టరు బండి ఎనకనే ఉండల్ల.' అదో, అదో, పడినారు. అయ్యో, ముగ్గురు పడినారు."

"ఎవురు? నంబర్లు చూడు. నంబర్లు."

"కనబళ్లేదన్నా. బొమ్మ నిలిచిపోయింది. గుండ్రంగా తిరుగుతాంది."

"ఇటీ, ఇటీ ఫోను. పల్లవి ఉండాదా? ఎర్ర టోపీ, నల్ల చొక్కా."

"నిలిచిపోయింది అంటే ఇనవేమన్నా. జనాలు రాసేవి మాత్రం వస్తాండాయి. 'అబ్బా ఏం పడినారు, మళ్లా ఏయండి ఆ బొమ్మ' అంటాండారు."

"మళ్లా వేయమంటారా? ఎవురి బిడ్డో అది. నేనూ అట్లే అనేవాడిని చెంగమ్మా. ఇంట్లో కూర్చోని, మళ్లా వేస్తారా లేదా అని చూసేవాడిని. భగవంతుడా, ఆ మాటకు ఇప్పుడు శిక్ష వేస్తాండావా?"

"అట్లాంటి మాటలు అనొద్దప్పా కిష్టప్పా. కూర్చో."

"కూర్చుంటే ఎట్లా? ముందు చక్రమే అయ్యుంటాది. చక్రమే ఊడుంటాది. నా చెయ్యే మునస్వామీ. నా చెయ్యి మంచిది కాదు. పంతొమ్మిదేండ్ల కింద నీది, ఇప్పుడు పాపది."

"నీ సెయ్యిని అనొద్దు."

"అననా? నేనే గదా బిగించింది రెండూ. బిగించనిదీ నేనే."

"అన్నా, బొమ్మ వచ్చింది. పడినోళ్లు ఎనకోళ్లు. ముందు ఐదుగురూ పోతానే ఉండారు. నలభై ఏడు... ఉండాది. ఉండాది అన్నా. మూడో సైకిలు."

"నిజంగానా? చూడు మళ్లీ."

"నలభై ఏడు. నాలుగు, ఏడు. సంఘం పుస్తకం రాసేదాన్ని, అంకెలు తెలీవా నాకు?"

"తల్లీ. ఇంకా ఎంత దూరం?"

"ఈ మలుపుకు రెండు కిలోమీటర్లు అని ఏసినారు."

"అంటే నాలుగైదు నిమిషాలు. ఆపేస్తా. నేను ఆపేస్తా మునస్వామీ. జట్టు పోతే పోనీ, ఇంటికొచ్చి నా అంగట్లో కూర్చోనీ. ప్రాణంతో ఉంటే చాలు. చక్రం ఎత్తేస్తా."

"పాప ఏమంటాది?"

"నన్ను జన్మలో క్షమించదు. ఎనిమిదేండ్ల నుంచి తొక్కుతాండాది. తెల్లారక ముందే లేచి పుంగనూరు నుంచి మదనపల్లెకు, మదనపల్లె నుంచి పుంగనూరుకు. ఒక పక్క కాలేజీ. తాత చక్రం సరిగా వేయలేదేమో అనే అనుమానానికి రేసు పాయె అంటే ఎట్లా ఓర్చుకుంటాది?"

"అనుమానమే గదా అప్పా. తప్పు జరిగినట్టు నీకు తెలీదు గదా."

"జరగలేదనీ తెలీదు. ఒక తూరి చేసినోడు మళ్లీ చెయ్యడా? నా చెయ్యి మీద నాకు నమ్మకముంటే ఈ పొద్దు ఇట్లా నిలబడతానా? ఆ పొద్దు నేను బిగించినానని ఎవురైనా చెప్పుంటే..."

"చెంగమ్మా."

"ఏంది?"

"ఇంట్లోకి పో. వెంకటరమణస్వామి పటం ఎనక ఎర్రగుడ్డ మూట ఒకటి ఉంటాది. తెచ్చీ."

"ఇప్పుడా? ప్రతి ఆయుధ పూజకీ బొట్టు పెట్టి మళ్లా దాస్తావే, అదా? నన్ను ముట్టనీవు గదా దాన్ని. మొక్కుబడి ఏదో ఉందని నేనూ అడక్కుండా ఉంటిని."

"అదే. తొందరగా పో. పరిగెత్తు."

"రేసు వచ్చే టైముకు మూటేందయ్యా?"

"పోతావా లేదా?"

"పోతాండా. యాల కసురుకుంటావు."

"ఏం మూట మునస్వామీ?"

"తర్వాత సెప్తా. నువ్వు ముందు నా మాట ఇను. పాపను ఆపొద్దు."

"నువ్వెవరప్పా ఆపొద్దనేదానికి?"

"పడినోణ్ణి. ఆ హక్కుతో సెప్తాండా. నీ సెయ్యి బిగించే ఉంటాది. పొద్దున నీ సేతికి తెలిసినట్టుందంటివి గదా. సెవి సంగతి వదిలేయ్. సేతిని నమ్ము."

"నువ్వు నమ్ముతావా నా చేతిని? నీ కాలు చూసుకో ఒకసారి."

"నమ్ముతా."

"ఉత్త మాటలు. నా భయం నీకు తెలీదు. ఈల వినబడతాంది. పోలీసులు ఈలేస్తాండారు. ముందు బండి వచ్చేసింది. అందరూ ఎనక్కి జరగండమ్మా, రోడ్డు మీదకు రావొద్దు."

"ఇదో మూట. ఏమి బరువుండాదయ్యా ఇది. అన్నా, వస్తాండారా?"

"వస్తాండారు. దుమ్ము లేస్తాంది అదో. ఎర్ర చొక్కా ముందు. రెండోది పచ్చ. మునస్వామీ, జరుగు. చక్రం ఎత్తల్ల."

"ఎత్తొద్దప్పా."

"చెయ్యి వదులు."

"వదలను."

"వదులు మునస్వామీ, నీ కాళ్లు పట్టుకుంటా. మూడోది పాప. చూస్తాంది, నన్నే చూస్తాంది. వదులు."

"ఏమయ్యా, యాల అన్న సెయ్యి పట్టుకుంటివి? వదులు."

"నువ్వుండు చెంగమ్మా. పోనీ. పాపను పోనీ."

"పల్లవీ. పల్లవీ."

"వంగింది అన్నా. అమ్మో. జారింది, జారింది... లేదు, నిలబడింది. పోయింది. దుమ్ము మీదే పోయింది, తన పేరు మీదే పోయింది."

"దిగుట్లోకి పోయింది. చెంగమ్మా, ఫోను. ఫోను చూడు. నాకు కనబడదు. ఏం వస్తాంది?"

"తిరుగుతాంది అన్నా."

"ఎంతసేపు తిరుగుతాది? కిలోమీటరు దిగుడు ఒక్క నిమిషం గదా. అయిపోయి ఉండల్ల. చూడు."

"గుండ్రంగా తిరుగుతానే ఉండాది."

"గంగమ్మ తల్లీ. గంగమ్మ తల్లీ. జనాలు రాసేవి ఏమన్నా..."

"రాలేదు. ఏమీ రాలేదు. ఆ, వచ్చింది. వచ్చింది. తారు ఎక్కినారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదు. ఐదుగురూ ఉండారు అన్నా. నలభై ఏడు ఉండాది. మూతి తుడుచుకుంటాంది."

"ఐదుగురూనా?"

"ఐదుగురూ. కింద ఎవురో రాసినారు, 'కంకర అంటే ఆ పిల్లకు లెక్కే లేదు' అని."

"చక్రం?"

"సక్రం మీదే గదన్నా పోతాండేది. ఏడవద్దు. కూర్చో. మజ్జిగ తాగు ఇప్పుడన్నా."

"మునస్వామీ."

"సెప్పప్పా."

"నీకు ఏం ధైర్యం? ఏ నమ్మకంతో నా చెయ్యి పట్టుకుంటివి? ఊడిపోయుంటే? నీ కాలికి నా బిడ్డ మీద పగ తీర్చుకుందామనుకుంటివా?"

"అట్లా అంటావని తెలుసు. అను. ఆ మూట ఇటీ చెంగమ్మా. కిష్టప్పా, ఇది పట్టుకో. ముడి ఇప్పు."

"ఏంది ఇది? ఇంత కుంకమ... గుడ్డకే అతుక్కోని పోయింది. ఇనుము. ఇది పానా మునస్వామీ."

"కుంకమ గోరుతో గీకి, వేలితో నంబరు తడిమి సూడు."

"పదిహేను. పిడి మీద ఇది... ఇది నేను మేకుతో కొట్టుకున్న గుర్తు. 'కృ'. ఇది నా పానా. నీకు యాడ దొరికింది?"

"ఏమయ్యా, ఏం సేస్తివి నువ్వు?"

"సెప్పనీ చెంగమ్మా. ఇప్పుడు సెప్పకుంటే ఇంక నోరు రాదు. దొరకలేదప్పా. నీ అంగట్లో నేనే ఎత్తుకుంటిని. ఆ పొద్దు నువ్వు నట్టు బిగించి, సక్రాన్ని రెండు తూర్లు లాగి సూసి, సైకిలు నా సేతికిచ్చి టీకి పోతివి. పాల క్యాను తగిలించను ముందు సక్రం ఇరుసుకు కొక్కెం ఏయమంటే రేపు రా అంటివి. నాకు రేపటిదాకా ఓపిక లేకపాయె. ఈడ, ఈ కానుగ చెట్టు కింద, పాలబండోడు హారను కొడతాంటే ఈ పానాతో నట్టు ఇప్పి కొక్కెం తగిలించి, మళ్లా సగమే తిప్పి ఎక్కితిని. ఊరంతా నీ మీద పడినప్పుడు సెప్పలేకపోయినా. నువ్వు బిగించే పంపించినావు కిష్టప్పా. నీ నట్టు ఇప్పింది నేను. మళ్లా తెచ్చిద్దామనే ఎత్తుకుంటిని. ఇదో, తీసుకో."